సీలింగ్ చూసే డాక్టరమ్మ

మొన్న మా తెలుగు అసోసియేషన్ ఉగాది ఫంక్షన్లో ఆవిడకి అవార్డు ఇచ్చారు, చనిపోయిన ఆరు నెలలకి. హైస్కూల్ ఆడిటోరియంలో తెర దించి ఆవిడ ఫొటో వేసి, కింద ‘మన కమ్యూనిటీకి గర్వకారణం’ అని రాశారు. వీళ్ల దగ్గర ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఏదో పాత పిక్నిక్ గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించారు. పక్కనున్న ఎవరిదో భుజం అలాగే ఉండిపోయింది. హాల్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను లేవలేదు. మా ఆయన మోచేత్తో పొడిచినా లేవలేదు.

ఆ చప్పట్లు కొట్టిన చేతుల్లో ఆవిడ తెచ్చిన పులిహోర వడ్డించుకున్న చేతులు ఎన్నో నాకు తెలుసు. అమెరికాలో మా ఊరు ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో పదిహేనేళ్లుగా చూస్తున్నాను కదా.

ఆవిడ మా కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసులో డాక్టరు. ఎవరైనా అర్ధాంతరంగానో అనుమానంగానో పోతే, పోస్ట్‌మార్టం చేసి ఎందుకు పోయారో రాసి, అవసరమైతే కోర్టుకెళ్లి చెప్పడం ఆ ఉద్యోగం. పేరు రాయను. తెర మీద పెద్దక్షరాల్లో వేశారుగా, చాలు. మనవాళ్లకి డాక్టరంటే గుండె డాక్టరు, లేకపోతే పిల్లల డాక్టరు. ఈవిడని పరిచయం చేయాల్సివస్తే “డాక్టరే, కానీ...” అని ఆగి, గొంతు తగ్గించి మిగతాది చెప్పేవాళ్లు.

తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ పెట్టినప్పుడల్లా పెద్ద స్టీలు గిన్నెలో పులిహోర తెచ్చేది. ఇంగువ బాగా వేసి, పల్లీలు విడిగా వేయించి పైన చల్లి. టేబుల్ మీద ఉన్న కేటరింగ్ ట్రేలన్నీ ఖాళీ అయ్యేవి, ఆ గిన్నె మాత్రం పక్కన ఒక గంటె లోతు తవ్వి వదిలేసినట్టు ఉండేది. “ఆ చేతులతో ఏం చేస్తుందో తెలిసి ఎలా తింటామండీ” అని ఒకావిడ నా చెవిలోనే అంది. వెళ్లేటప్పుడు ఆవిడ మూత పెట్టుకుని, “మంచిదే, రేపు మా ఆఫీసుల లంచ్‌కైతది” అని నవ్వేసేది. వరంగల్ వైపు మనిషి. ముప్పయ్యేళ్లు ఇక్కడుండి కూడా ఆ మాట మారలేదు. బాధపడేదో లేదో నాకు తెలియదు. నేను కూడా మొదటి రెండేళ్లు ఆ పులిహోర తినలేదు. అది ఇక్కడ రాసుకోకపోతే మిగతాది రాసే హక్కు నాకు లేదు.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్లినా గుమ్మం దాటగానే తలెత్తి సీలింగ్ చూసేది. మనవాళ్లు కొత్త ఇల్లు కొంటే కిచెన్ గట్టు చూస్తారు, దేవుడి గది ఏ దిక్కున ఉందో చూస్తారు. ఈవిడ మాత్రం పొగ వస్తే అరిచేది ఎక్కడ పెట్టారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తే అరిచేది ఎక్కడ పెట్టారు అని చూసేది. “బ్యాటరీ ఎప్పుడు మార్చిన్రు?” అని అడిగేది. ఇంటాయనకి తెలిసేది కాదు, ఇంటావిడకి ఒళ్లు మండేది. మా గృహప్రవేశానికి వచ్చి, పంతులుగారు సత్యనారాయణ వ్రతం మూడో కథలో ఉండగా, చీపురు కర్ర తీసుకుని హాల్లో ఉన్న డిటెక్టర్ బటన్ నొక్కింది. అది కీచుమని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. పంతులుగారు పుస్తకం మూసేశారు. ఈవిడ తాపీగా చీపురు గోడకి ఆనించి, “పని చేస్తున్నది. కానియ్యిండి” అంది. మా అత్తగారు ఏడాదిపాటు ఆ మాట తలుచుకుని తిట్టారు.

ఇంకొకటి కూడా ఉండేది. ఎవరి చావు కబురు వచ్చినా “టైం వచ్చింది, పాపం” అంటాం కదా, ఆ మాట ఆవిడ ముందు అనకూడదు. చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేసేది. “టైం రాదమ్మా. కారణం ఉంటది” అనేది. అంత మెత్తటి మనిషికీ ఆ ఒక్క మాట దగ్గర కోపం వచ్చేది.

ఇక కోటయ్య సంగతి.

మా ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఒక కన్సల్టెన్సీ ఓనర్‌కి గెస్ట్ హౌస్ ఉండేది. ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్లని, ప్రాజెక్ట్ దొరక్క బెంచి మీదున్నవాళ్లని అందులో పెట్టేవాడు. ఆ అరడజను మందికీ వండి పెట్టేది కోటయ్య. ఒంగోలు దగ్గర పల్లె, యాభై దాటిన మనిషి, బేస్‌మెంట్‌లో, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కనున్న గదిలో పడుకునేవాడు. మా అసోసియేషన్ పిక్నిక్‌లకి గోంగూర మాంసం వండిందీ ఆయనే. అందరం ‘చెఫ్ గారు’ అని పిలిచేవాళ్లం. పేరు కోటయ్య అని నాకు ఆయన చచ్చిపోయాకే తెలిసింది.

జనవరిలో ఒక పొద్దున కాఫీకి పైకి రాలేదు. కుర్రాళ్లు కిందికెళ్లి చూస్తే మంచం మీదే పోయి ఉన్నాడు. వెంటనే అంబులెన్స్ కోసం 911కి చేయాలి కదా. ముందు ఓనర్‌కి ఫోన్ చేశారు. ఆయన వచ్చి, అలా బేస్‌మెంట్‌లో ఉంచడం బాగోదని పైకి మోయించి, హాల్లో చాప మీద పడుకోబెట్టించి, కిటికీలూ తలుపులూ తీయించి, తలదగ్గర దీపం పెట్టించాడు. ఆ తర్వాతే అంబులెన్స్ వచ్చింది. అప్పటికి ఇంట్లో గాలి మారిపోయింది. చూసినవాళ్లందరూ ఒకే మాట అన్నారు. ముఖంలో కళ తగ్గలేదు, నిద్రపోతున్నట్టే ఉన్నాడు, పుణ్యాత్ముడు, సునాయాసంగా పోయాడు.

శవాన్ని మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసుకి తీసుకెళ్లారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు ఒక్కసారిగా లేచి కూర్చుంది. పోస్ట్‌మార్టం మన ధర్మానికి విరుద్ధం, కోయకుండా ఇచ్చేయమందాం, భార్య కడసారి చూపు చూసుకోవాలి, విమానం ఖర్చంతా ఓనర్‌గారే పెట్టుకుంటున్నారు, ఎంత పెద్ద మనసు అని వరసగా దండం బొమ్మలు. ప్రెసిడెంట్ గారు నాకు ఫోన్ చేశారు. “చెల్లెమ్మా, నీ ఇంగ్లీష్ బాగుంటుంది. కౌంటీకి ఒక లెటర్ రాసిపెట్టు” అన్నారు. ఏమేం రాయాలో ఓనర్ చెప్పాడు. నేను ఆఫీసులో లంచ్ టైంలో కూర్చుని రాశాను. ఎంత బాగా రాశానంటే, గ్రూపులో రెండువందల మంది దానికి మద్దతు పలికారు. ఇది నేను చేసిన పని. కోటయ్య ముఖం కూడా చూడకుండా ‘నిద్రలో ప్రశాంతంగా కన్నుమూశారు’ అని రాశాను.

సాయంత్రం ఐదింటికి ఆవిడ ఫోన్ చేసింది. నా నంబర్‌కి ఆవిడ చేయడం అదే మొదలు.

“లెటర్ నువ్వే రాసినవా?”

“అవునండీ.”

“ఇంగ్లీష్ చూసి నువ్వే అనుకున్న. మంచిగ రాసినవ్. పోయినాయన పేరు ఇందుల ఎన్నిసార్లున్నదో చూసినవా?”

చూడలేదన్నాను.

“ఒక్కసారి. ఇంటి ఓనర్ పేరు నాలుగుసార్లు ఉన్నది.”

ఆవిడ గొంతు పెంచలేదు, అదే మెత్తటి గొంతుతో అడిగింది. “ప్రశాంతంగ పోయిండని ఎవరు చెప్పిన్రు నీకు?”

“అందరూ చెప్పారు డాక్టర్ గారూ. ముఖంలో కళ అలాగే ఉందని...”

“చచ్చిపోయి అన్ని గంటలైనంక మొహంల కళ ఎందుకుంటదమ్మా? నువ్వు చదువుకున్నదానివి. అడగొద్దా?”

జవాబు ఆవిడే చెప్పింది. గోళ్ల కింద గులాబీ రంగు, పెదవుల లోపల గులాబీ రంగు. అది పుణ్యం కాదు, కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలో ఊపిరితో పాటు లోపలికి పోయి మనిషిని తీసేస్తుంది. తీసేశాక ముఖానికి ఆ రంగు ఇచ్చి పోతుంది. రక్తం పరీక్షకి పంపి, ఫలితం చూసుకుని ఫోన్ చేసింది.

“ఆ ఇంట్ల ఇంకెంతమంది పండుకుంటరు?”

“ఆరుగురు.”

“ఫైర్ వాళ్లను పంపిన. ఆరుగురూ బయటికొచ్చిన్రా లేదా ఫోన్ చేసి కనుక్కో. లెటర్ రాసినవ్ గద, ఈ పని గూడ చెయ్.”

ఒక్కొక్కరికీ చేశాను. ఐదుగురు ఎత్తారు. ఆరోవాడు తలనొప్పిగా ఉందని దుప్పటి ముసుగేసి పడుకున్నాడట. వారం నుంచీ ఆ ఇంట్లో అందరికీ తలనొప్పేనట. ఉద్యోగం టెన్షన్ అనుకున్నారట. ఫైర్ వాళ్లు అతన్ని లేపి బయటికి తీసుకొచ్చారు. నా లెటర్ పనిచేసి ఉంటే ఆ రాత్రి అతను అక్కడే పడుకునేవాడు.

ఆ ఇంట్లో ఫర్నేస్ పొగగొట్టం తుప్పు పట్టి ఊడిపోయి ఉంది. మార్చకపోతే ప్రాణాలకి ప్రమాదమని మెకానిక్ చలికాలం మొదట్లోనే కాగితం రాసిచ్చాడు. ఓనర్ దాన్ని ఇంకో ఏడాది లాగించొచ్చనుకున్నాడు. డిటెక్టర్ వంటింటి డ్రాయర్‌లో, గరిటెల కింద, బ్యాటరీ తీసేసి దొరికింది. కోటయ్య ఫోన్లో ఓనర్ మెసేజ్ ఉంది. ‘అది ఊరికే అరుస్తుంటుంది, పీకి డ్రాయర్‌లో పడెయ్.’ శవాన్ని కోయకుండా పంపేయమని తొందరపెట్టిన పెద్ద మనసు ఇది.

నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడని ఓనర్ మీద కేసు పెట్టారు. మనవాళ్లకి కోపం వచ్చింది. ఎవరి మీద అనుకున్నారు? ఆవిడ మీద. “మన మనిషై ఉండి మనవాడి కొంప కూల్చింది” అన్నారు. ఇద్దరు పిల్లల తండ్రి, గుడికి విరాళాలిచ్చినవాడు, చిన్న పొరపాటుకి జైలా అన్నారు. వాట్సాప్ గ్రూపులోంచి ఆవిడని తీసేశారు. తీసినప్పుడు స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో ఒక లైను వస్తుంది చూడండి, దాని కింద కూడా ఎవరో దండం బొమ్మ పెట్టారు.

కేసు జ్యూరీ ముందుకి వెళ్లే ముందు, అసలు విచారణకి తగినంత ఆధారం ఉందో లేదో జడ్జి చూసే హియరింగ్ ఒకటి ఉంటుంది. దానికి నేనూ వెళ్లాను. నా లెటర్ బయటికి వస్తుందని తెలుసు. వెనక వరసలో కూర్చున్నాను. ఆవిడ వచ్చింది. బాగా చిక్కిపోయింది. తలకి స్కార్ఫ్ కట్టుకుంది. కింద జుట్టు లేదు. తిరుపతి వెళ్లొచ్చి ఉంటుందనుకున్నాను. నేనే కాదు, ఓనర్ తరఫున వచ్చిన మనవాళ్లు కూడా అదే అనుకున్నారు. “పాపం చేసి మొక్కు తీర్చుకుందేమో” అని ఒకాయన అన్నాడు. పక్కాయన నవ్వాడు.

మూడు గంటలు ఆవిడని ఆ కుర్చీలోంచి లేవనివ్వలేదు ఓనర్ తరఫు డిఫెన్స్ లాయరు. ఆవిడ యాస అర్థం కావడం లేదని ప్రతి జవాబూ రెండుసార్లు చెప్పించాడు. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెప్పేది. అక్కడ అన్న ప్రతి మాటా టైపు చేసే కోర్టు ఉద్యోగి వైపు చూసి, ఆమె వేళ్లు ఆగాకే తర్వాతి మాట ఎత్తుకునేది.

చనిపోయినతను సిగరెట్లు బాగా తాగేవాడని, రక్తంలో ఆ విషం అందువల్ల ఉండొచ్చు కదా అని లాయరు అడిగాడు.

“ఆయన ఊపిరితిత్తులు నా చేతుల్లో పట్టుకుని చూశాను. ఆయన సిగరెట్ తాగే మనిషి కాదు” అంది.

లాయరు నా లెటర్ తీశాడు. ఆయన సొంత కమ్యూనిటీయే ఇది సహజ మరణమని రాసింది కదా అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆవిడ నా వైపు చూడొచ్చు. చూడలేదు.

“ఆ లెటర్ రాసినవాళ్లు ఆయన్ని చూడలేదు. నేను చూశాను.”

“కానీ డాక్టర్, ఆ రాత్రి ఆ గదిలో మీరు లేరు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలరు?”

“నేను లేను. ఆయన ఉన్నాడు. ఆయన్ని అడిగాను.”

హియరింగ్ అయ్యాక కోర్టు మెట్ల మీద ఆవిడని కలిశాను. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుని వెళ్లాను. ఆవిడ రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. నేను నోరు తెరవకముందే, “మీ ఇంట్ల బ్యాటరీ మార్చినవా?” అని అడిగింది. మార్చానన్నాను. “మంచిది” అని కారెక్కింది. అదే ఆఖరు. అక్టోబర్లో పోయింది. కాన్సర్. ఫ్యూనరల్ హోంలో పద్దెనిమిది మందిమి ఉన్నాం. అందులో పదముగ్గురు ఆవిడ ఆఫీసువాళ్లు.

ఆ రోజే, ప్రభుత్వం తరఫున కేసు వాదిస్తున్న ప్రాసిక్యూటర్ నాకు అసలు సంగతి చెప్పింది. ఆ హియరింగ్‌కి ఆవిడ రానక్కర్లేదట. ఆ దశలో రిపోర్టు ఇస్తే సరిపోయేదట. రిపోర్టు పంపించి ఇంట్లో పడుకోమని ఈ ప్రాసిక్యూటరే చెప్పిందట. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. జ్యూరీ ముందు విచారణ జరిగేటప్పుడు కాగితం ఒక్కటే సరిపోదు. అవతలి లాయరు కాగితాన్ని ప్రశ్నలడగలేడు కాబట్టి రాసిన డాక్టరే రావాలి. రాసిన మనిషి పోతే ఆ కాగితం కూడా మూగదైపోతుంది. ఒకటే దారి ఉంది. బతికుండగా ప్రమాణం చేసి, అవతలి లాయరు అడిగినవాటన్నిటికీ జవాబిచ్చి ఉంటే, ఆ ప్రశ్నలూ జవాబులూ జ్యూరీకి చదివి వినిపించొచ్చు. “విచారణ నాటికి నేనుండను. నన్ను ఇప్పుడే అడగనివ్వండి. అతను ఎంతసేపు అడిగితే అంతసేపు కూర్చుంటాను” అందట. కీమో ఎక్కించుకున్న నాలుగో రోజు అది.

తిరుపతి అనుకున్నాం మేము.

ఫిబ్రవరిలో విచారణ జరిగింది. కోటయ్య భార్య ఇండియా నుంచి వచ్చి మా ఇంట్లోనే దిగింది. అక్కా అని పిలిచేదాన్ని. లెటర్ రాసింది నేనేనని మొదటి రోజే చెప్పేశాను. “తెలీక రాశావు. తెలిసి రాయించినోడి సంగతి చూద్దాం” అంది. కోర్టులో ఆమె పక్కన కూర్చుని, ఏం జరుగుతోందో చెవిలో తెలుగులో చెప్పడం నా పని.

సాక్షి కుర్చీలో ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి కూర్చుంది. ఒక లాయరు ప్రశ్నలు చదువుతుంటే, ఆ అమ్మాయి డాక్టరమ్మ జవాబులు చదివింది. చక్కటి అమెరికన్ ఇంగ్లీషులో చదివింది. డిఫెన్స్ లాయరు ఒక్కసారి కూడా అర్థం కాలేదనలేదు. ఆవిడ నోటినుంచి రెండుసార్లు చెప్పించిన అవే మాటలు, ఈసారి ఒక్కసారికే అందరికీ అర్థమయ్యాయి.

నేను అక్క చెవిలో చెబుతున్నాను. ఎవరి మాటైనా వాళ్లు అన్నట్టే చెప్పాలి కాబట్టి ‘నేను’ అనే చెబుతున్నాను. నేను ఆయన గోళ్లు చూశాను. నేను ఆయన ఊపిరితిత్తులు చేతుల్లో పట్టుకున్నాను.

“ఆ పిల్లేనా మా ఆయన్ని చూసిన డాక్టరు?” అని అడిగింది అక్క.

“కాదక్కా. ఆవిడ పోయింది. బతికున్నప్పుడు చెప్పిన మాటలు ఇవి.”

“పోతానని ఆమెకి తెలుసా?”

“తెలుసు.”

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఆ అమ్మాయి చదివింది: నేను లేను. ఆయన ఉన్నాడు. ఆయన్ని అడిగాను. జ్యూరీలో ఒకతను రాసుకుంటున్న పెన్ను ఆపి తలెత్తాడు. మర్నాడు దోషి అన్నారు.

పేపర్లో వచ్చింది, టీవీలో వచ్చింది. చనిపోయి కూడా సాక్ష్యం చెప్పిన భారతీయ డాక్టర్ అన్నారు. అప్పుడు మా అసోసియేషన్‌కి ఆవిడ మన మనిషని గుర్తొచ్చింది. అందుకే ఈ అవార్డు.

ఫంక్షన్ అయ్యాక కారిడార్లో ప్రెసిడెంట్ గారు నన్ను ఆపారు. చేతిలో ప్లేటు, అందులో కేటరింగ్ పులిహోర.

“చెల్లెమ్మా, వచ్చే నెల శిక్ష వేస్తారు కదా. కాస్త దయ చూపమని జడ్జికి కమ్యూనిటీ తరఫున లెటర్లు పెట్టుకోవచ్చట. నీ ఇంగ్లీష్ బాగుంటుంది...”

ఐదు నిమిషాల క్రితం ఆవిడ ఫొటోకి దండం పెట్టిన మనిషి. నాకు వచ్చిన కోపానికి ఆ ప్లేటు ఎత్తి నెత్తిన బోర్లించాలనిపించింది.

“రాస్తాను అన్నగారూ, జడ్జికే రాస్తాను” అన్నాను. ఆయన సంతోషంగా తల ఊపాడు.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. పోయినవాళ్ల భార్య కూడా శిక్షకి ముందు జడ్జికి తన మాట రాసి ఇవ్వొచ్చు. శిక్ష పడేదాకా మా ఇంట్లోనే ఉంటున్న అక్క, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చెప్పింది. ఆయన ఎవరు, గోంగూర ఎలా కడిగేవాడు, ఫోన్లో ఏం మాట్లాడేవాడు, వారం నుంచీ తలనొప్పి అంటే తను ఏ మాత్ర వేసుకోమంది. నేను ఒక్క మాట కూడా నా సొంతానికి కలపకుండా ఇంగ్లీషులో పెట్టాను.

అయ్యాక లెక్కపెట్టాను. కోటయ్య పేరు పదకొండుసార్లు వచ్చింది. ఓనర్ పేరు ఒక్కసారి కూడా లేదు. అక్కని అడిగి, మొదటి లెటర్ తిరిగిన ఆ వాట్సాప్ గ్రూపులోనే దీన్నీ పెట్టాను. ఇప్పటివరకూ ఎవరూ దండం బొమ్మ పెట్టలేదు.